డ్రైవర్ లేని బండి

సామాన్ల బండి ఇంకా రెండు వందల మీటర్ల దూరంలో ఉంది.

పెర్కిట్ రోడ్డు మీద గజేందర్ చాయ్ హోటల్. చక్కెర డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఆ బండి అగ్గిపెట్టెంత కనబడుతోంది. భూమికి నాలుగు వందల కిలోమీటర్ల పైన అంతరిక్ష స్టేషన్ తిరుగుతోంది. అందులో ఏడుగురున్నారు. వాళ్ల తిండి, నీళ్లు, మందులు, ఆక్సిజన్ అన్నీ ఈ బండిలోనే ఉన్నాయి. బండిలో మాత్రం మనిషి లేడు.

గంగారాం నిలబడి చూస్తున్నాడు. బల్ల ఖాళీగానే ఉంది. ఆ బల్ల మీద అతను కూర్చోడు. చాయ్ తాగడు. ఏడేళ్లుగా అంతే. ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు బస్తాలు కుట్టి, పెర్కిట్ దాకా నడిచే వస్తాడు. ఇలాంటి బండి పైకి పోయిన ప్రతిసారీ, అది చేరేదాకా ఇక్కడే నిలబడతాడు.

"తోలేటోడు లేకుండ గంత దూరం ఎట్ల పోతదన్నా?" అన్నాడు గజేందర్.

"తోలేటోడు లేడు గనుకనే పోతది. నాలుగు ఇరవై తొమ్మిదికి చేరాలె. చేరుతది."

"లేటయితే?"

"కాదు. అది నడుమల చాయ్ తాగదు."

గజేందర్ గ్లాసు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన గ్లాసే అది.

హోటల్ ముందు ఆటో ఆగింది. కమలవ్వ దిగింది. గంగారాం అత్త. కమ్మర్‌పల్లి నుంచి వారం వారం అల్లుడికి బియ్యం, తొక్కు, టిఫిన్ గిన్నెలో కూర మోసుకొస్తుంది. ఈసారి సంచిలో ఒక కాగితం కూడా ఉంది.

"అల్లుడా, దీని మీద సంతకం పెట్టు. ఐదు గొట్టెవరకు దవాఖానల ఇయ్యాలె. ఇయ్యాల్నే ఆఖరు."

"పెట్ట."

దేని మీదో అడగలేదు. అడగాల్సిన పని లేదు.

ఏడేళ్ల కిందటి సంగతి పెర్కిట్‌లో అందరికీ తెలుసు. ఓ ప్రైవేటు దవాఖాన అంబులెన్సు ఈ హోటల్ ముందే ఆగి ఉంది. డ్రైవర్‌కు ఫోన్ వచ్చింది. రైస్‌మిల్లు దిక్కు ఎవరో ఆడమనిషికి ఛాతీలో నొప్పి, జల్ది పో అన్నారు. పేరు చెప్పలేదు. రెండు కిలోమీటర్లు కూడా లేదు. డ్రైవర్ అప్పుడే చాయ్ చెప్పాడు. నొప్పి ఎక్కడికి పోతుంది, చాయ్ చల్లారుతుంది అనుకున్నాడు. తాగాడు. ఇంకో సగం గ్లాసు పోయించుకున్నాడు. ఫోన్ వచ్చిన పంతొమ్మిది నిమిషాలకు బండి ఆ ఇంటి ముందు ఆగింది. గడప మీద గంగారాం భార్య భాగ్యలక్ష్మి పడి ఉంది. అప్పటికే పోయింది.

ఆవేళ గంగారాం డ్యూటీలో ఉన్నాడు.

డ్రైవర్‌ను పనిలోంచి తీసేశారు. ఇప్పుడు దవాఖానకు కొత్త మేనేజర్ వచ్చాడు. చనిపోయినామె ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఆ డ్రైవర్‌ను మళ్లీ పెట్టుకుంటానన్నాడు. ఆయన ఏదో మాటవరసకు అన్నాడు. కమలవ్వ నాలుగుసార్లు తిరిగి కాగితం రాయించుకుంది.

గజేందర్ కాగితం అందుకుని చదివాడు. "'తల్లి: నాకు అభ్యంతరం లేదు.' అవ్వా, నీ ఏలుముద్ర గిట్ల ఆకుపచ్చగ పడ్డదేంది?"

"పసుపు ఉడకవెట్టిన చెయ్యి. నీలం సిరా అద్దితే గట్లనే పడ్డది."

"'భర్త: నాకు అభ్యంతరం లేదు.' ఖాళీ. 'డ్రైవర్: ఆలస్యం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.' ఇదీ ఖాళీ." కాగితం బల్ల మీద పెట్టి పొయ్యి దగ్గరికి పోయాడు.

"వానికి ఉరేసినా తక్కువనే," అన్నాడు గంగారాం, ఫోన్ మీంచి కళ్లు తిప్పకుండా.

"ఏడేండ్లసంది గదే చేస్తున్నవ్ గద."

"వాని మొహం సూడ నేను."

"సూడకు. సంతకం పెట్టు. దాన్ని కన్నదాన్ని, నేనే మాఫ్ చేసిన. నీదేం పోతది? వాడు గూడ మనిషే గద. ఒక్కనాడన్న కడుపు నిండ తిన్నడా, కంటి నిండ నిద్ర పోయిండా?"

"తినకపోతె సావనీ."

కమలవ్వ టిఫిన్ గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "నేనుండంగ ఎట్ల సస్తడు?"

ఫోన్‌లో చప్పట్లు వినిపించాయి. బండి స్టేషన్‌కు తాకింది. గంగారాం గోడ గడియారం చూశాడు. నాలుగు ఇరవై తొమ్మిది.

"చేరిందా?" అంది కమలవ్వ. ఆమెకూ ఇన్నేళ్లలో అలవాటయింది.

"చేరింది."

"మల్ల వాపసు ఎప్పుడొస్తది?"

"రాదు. సామాన్లు దించుకొని చెత్త నింపుతరు. ఇడిచిపెడితె కిందికి పడుకుంట గాలిల్నే కాలిపోతది. బూడిద గూడ దొరకదు."

"అండ్ల మనిషుండడంటివి?"

"ఉండడు."

"ఉండడు గనుక కాలనిస్తరు. మనిషి కూసున్నదాన్నయితె పైలంగ దించుకుంటరు గద బిడ్డా."

పొయ్యి మీద పాలు పొంగాయి. గజేందర్ మంట తగ్గించి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద పెట్టాడు. ఆటో అతను హారన్ కొట్టాడు.

"నాలుగున్నర దాటింది," అంది కమలవ్వ. "నువ్వు ఆటో ఎక్కకుంటె మానె, నేనే పోయి ఇస్త. పెట్టు."

గంగారాం పెన్ను తీసుకుని, భర్త అని ఉన్నచోట ఖాళీగానే వదిలేసి, డ్రైవర్ అని ఉన్నచోట తన సంతకం పెట్టాడు.