గుట్ట మీది నీలిపూలు

ముంగాళ్ళు వంకరపోయి లేవలేకపోతున్న దూడను ఆర్లో తుపాకీతో కాల్చి ఇంట్లోకి వచ్చాడు. ఈ ఏడు అమెరికాలోని ఐడహోలో వాళ్ళ మందలో అలా పుట్టింది అదొక్కటే కాదు. భార్య నెడ్రా వంటింటి బల్ల మీద రెండు అడవి లూపిన్ పూల గుత్తులు ముందు పెట్టుకుని కూర్చుంది.

"రెండూ నీలమేగా," అన్నాడు చేతులు కడుక్కుంటూ.

"నీకు నీలంగా ఉంటే చాలు, అన్నీ ఒకటే. వెనక్కి తిప్పి చూడు. వాగు ఒడ్డున కోసింది నున్నగా ఉంది. గుట్ట మీదిదానికి రేకు వీపున నూగు, పువ్వు మొదలున చిన్న తోక. చూడి ఆవు ఈ తోకదాన్ని మేస్తే దూడ కాళ్ళు కడుపులోనే వంకరపోతాయట. పశువుల డాక్టరు చెప్పాడు."

ఆర్లో కుర్చీలో కూలబడ్డాడు. చాలా రోజుల తర్వాత అతని మొహం తేటపడింది.

"నాకూ ఆ గుట్ట మీదే అనుమానం. అందుకే మంచు కరగ్గానే ఆవుల్ని దింపేశాను. వచ్చే ఏడు మంచి దూడలు పుడతాయిలే."

"మరి అక్కడి మేతంతా?"

"ఊరికే పోనిస్తానా? మన మేకల్ని తోలాను. రోజూ ఆ మొక్కల్నే నములుతున్నాయి. ఒక్కదానికీ ఏం కాలేదు. పాలు కూడా బాగా ఇస్తున్నాయి."

నెడ్రా తోక పూల గుత్తిని దూరంగా నెట్టింది.

"ఆ విషం పాలల్లోకి దిగుతుందట, ఆర్లో. అదీ చెప్పాడు డాక్టరు."

ఆమెకు నాలుగో నెల. బిడ్డకు బలమని రోజూ పొద్దున్నే ఆ పాలు కాచి, దగ్గరుండి తాగిస్తున్నది ఆర్లోనే.