లైను తెగకూడదు

“ఈ జంటను మార్చండి మేడం. వీళ్ళిద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు,” అన్నాడు ట్రైనరు, చేతిలోని చీటీలను తిప్పి తిప్పి చూస్తూ.

హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. “మీకెలా తెలుసు?”

“ఫ్యాక్టరీ అంతటికీ తెలుసండీ,” అన్నాడు క్రేన్ ఆపరేటరు హుషారుగా. “అత్తాకోడళ్ళు. ఇద్దరూ ట్యాంకులు కడిగే సెక్షనే. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఎదురుపడితే ఒకావిడ ఆకాశం చూస్తుంది, ఇంకొకావిడ నేల చూస్తుంది.”

“అయితే మరీ మంచిది. ప్రమాదం చుట్టరికాలు చూసి రాదు. చీటీల్లో ఎవరొస్తే వాళ్ళే.”

ఆ రోజు పరీక్ష శిక్షణకు వచ్చినవాళ్ళకే కాదు, ట్రైనరుకు కూడా. ఆవిడ సంతకం పెడితేనే అతని ఉద్యోగం ఖాయమవుతుంది. మారు మాట్లాడకుండా ఖాళీ నూనె ట్యాంకు ఎక్కి, అక్కడ నిలబెట్టిన బోర్డు పక్కన పాఠం మొదలుపెట్టాడు.

“లోపలికి దిగేవాళ్ళ ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు పైనున్న ఈ తాడు చుట్టే మరకు. పైనున్నవాళ్ళు నిమిషానికోసారి వాకీటాకీలో పలకరించాలి. జవాబు రాకపోతే మర తిప్పి పైకి లాగాలి. అంతేగానీ, లోపలున్నది ఎంత ప్రాణమైనవాళ్ళయినా సరే, వెనకాలే దూకకూడదు. అలా దూకితే విషవాయువుకు ఒకరి బదులు ఇద్దరు పోతారు. మనిషి లోపలున్నంతసేపూ మాటల లైను తెగకూడదు. ముప్పై నిమిషాలు. కానివ్వండి.”

కోడలు మాస్కు బిగించుకుని దిగింది. అత్త మర దగ్గర నిలబడింది. మిగతావాళ్ళంతా స్పీకరు చుట్టూ మూగారు.

“ఉన్నావా?” అంది అత్త, గోడతో మాట్లాడినట్టు.

“ఉన్నాను.”

నిమిషం గడిచింది.

“ఉన్నావా?”

“ఎక్కడికి పోతాను?”

“ఒక్క ముక్కే చెబితే సరిపోదు,” అంది ఆఫీసరమ్మ. “తెలివిలో ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? మాట్లాడించండి.”

అత్త ట్యాంకు నోట్లోకి తొంగి చూసింది. “కాళ్ళకు ఏం వేసుకున్నావు? లోపల జారుతుంది.”

“బూట్లే. మీలాగా కొనిచ్చిన చెప్పులు వేసుకోకుండా తిప్పి పంపే అలవాటు నాకు లేదు.”

“ఏం చెప్పులు?”

“మీ మోకాళ్ళ నొప్పులకని మెత్తటివి కొన్నానుగా! నచ్చలేదని తిరిగి పంపించారు.”

“నేనా? నీ చెప్పులు నా గడప తొక్కితేగా! ఎవరు చెప్పారు?”

“ఇంకెవరు? మీ అబ్బాయే.”

ట్రైనరు చటుక్కున వాకీటాకీ అందుకున్నాడు. “విషయం మీద ఉండండి! మీటరులో ఆక్సిజన్ ఎంత?”

“ఇరవై పాయింట్ తొమ్మిది సార్. బాగుంది.”

“లోపల గాలి బాగానే ఉంది, బయటే ఎవరికో ఊపిరాడటం లేదు,” అని గొణిగాడు క్రేన్ ఆపరేటరు. నవ్వు ఆపుకోలేక ఒకతను హెల్మెట్‌లో మొహం దాచుకున్నాడు.

అత్త వాకీటాకీని మళ్ళీ లాక్కుంది. “మరి గురువారం గురువారం నీకిష్టమని డబ్బాలో కూర పంపితే, నోట్లో పెట్టుకోలేకపోయానన్నావట?”

“ఏ కూర అత్తయ్యా? ఏ డబ్బా?”

“పచ్చ మూత డబ్బా!”

“అదా! ఆఫీసులో ఎవరో పెట్టారని ఆయన మెట్ల మీదే కూర్చుని తినేసేవారు. నన్ను మూత కూడా నాకనివ్వలేదు!”

చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. ట్రైనరు మెడ మీద చెమట కాలవలు కట్టింది. “చాలు, చాలు! శిక్షణ బాగా జరిగింది. పైకి లాగేయండి.”

“ఇంకా పద్దెనిమిది నిమిషాలున్నాయి,” అంది ఆఫీసరమ్మ. “మనిషి లోపలుండగా లైను తెగకూడదన్నది మీరేగా?”

అతను డస్టరు అందుకున్నాడు.

“సార్,” అంది అత్త తియ్యగా, “విషవాయువుకు మీటరుంది సరే, అబద్ధానికి కూడా ఏదైనా మీటరుందా?”

ట్రైనరు బోర్డు వైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని తుడవసాగాడు.

“అత్తయ్యా, ఇంకొక్కటి. మీరు నన్ను గయ్యాళి అన్నారట. అందుకే నేను మేడ మీదికి కాపురం మార్చేసింది.”

“గయ్యాళా! నా కోడలు గలగలా మాట్లాడుతుంది, దానివల్లే ఇల్లు నిండుగా ఉంటుంది అన్నానే పిచ్చిదానా! నువ్వు మేడెక్కాక కింద గడియారం చప్పుడు తప్ప ఏముంది నాకు?”

స్పీకరు మూగబోయింది.

“ఉన్నావా?”

జవాబు లేదు.

“అమ్మాయ్! ఉన్నావా?”

ట్రైనరు చేతిలోని డస్టరు కింద పడింది. బెల్టు లేదు, మాస్కు లేదు, ట్యాంకు నోటి వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. అత్త ఒంటిచేత్తో అతని చొక్కా పట్టి వెనక్కి ఈడ్చింది.

“పైనున్నవాళ్ళు దూకకూడదు సార్!” అని అరిచి, రెండు చేతులతో మర తిప్పింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి తిప్పుతూనే ఉంది. పసుపు హెల్మెట్ పైకి తేలింది. వెనకే కోడలి మొహం, ముక్కు ఎర్రగా కందిపోయి.

“ఏమైందే?”

“ఏడుపొచ్చింది అత్తయ్యా,” అంది కోడలు మాస్కు పీకేసి. “మాట పెగల్లేదు.”

అత్త ఆమెను కావలించుకుంది. బెల్టూ తాడూ చిక్కుపడి ఇద్దరూ చతికిలపడ్డారు. పడి, ఇక నవ్వడం మొదలుపెట్టారు. చప్పట్లతో ట్యాంకు మోగిపోయింది.

ఆఫీసరమ్మ కాగితం మీద సంతకం గీకింది. “పాఠం చెప్పినవాడే మరిచిపోయాడు గానీ, విన్నవాళ్ళు మరవలేదు. కాబట్టి అందరూ పాసు.” వెళ్ళబోతూ అత్త వైపు తిరిగింది. “మీ సుపుత్రుడికి ఇంటికెళ్ళాక బడితపూజేనన్నమాట!”

“అంతదాకా ఎందుకు మేడం?” అంది అత్త, చేతి తొడుగులు ఊడదీస్తూ. కోడలు తాడు చేతికి చుట్టుకుంటూ ట్రైనరు వైపు నడిచింది.

“అందరూ చూస్తున్నారే అమ్మా!” అన్నాడు ట్రైనరు.