ఎవరు బిగించిండ్రు?

ఫైనల్ ఆట సగంలో ఉండగా కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది.

కోరుట్లలో ఆనంద్ నడిపే గేమింగ్ సెంటర్ ఆ ఆదివారం కిక్కిరిసి ఉంది. జగిత్యాల నుంచి, రాయికల్ నుంచి జట్లు వచ్చాయి. అంత పెద్ద పోటీ అతను పెట్టడం అదే మొదలు.

మళ్లీ ఆన్ చేశారు. పది నిమిషాలకు, తెర మీద పోరు ముదిరేసరికి మళ్లీ ఆగిపోయింది.

మూడోసారికి జనం ఈలలు వేశారు. ఎవరో ఆనంద్ ముఖాన్ని వీడియో తీశారు. సాయంత్రానికి జిల్లా అంతా చూసి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే అతను బండి మీద జగిత్యాల వెళ్లాడు. కంప్యూటర్ కొన్నది అక్కడే, జలపతి షాపులో.

"నా మిషన్ ఎవరు బిగించిండ్రు?"

"మా దగ్గర పనిచేసేటోళ్లే. ఏమైంది ఆనంద్?"

"పిలువు."

"ఇయ్యాల రాలే. మిషన్ పట్టుకరా, చూపిస్త."

"చూసుడు లేదు, గీసుడు లేదు. ఆ మనిషి ఇగ నీ షాపుల కనవడద్దు. కనవడితే నీ బోర్డుతోని సహా వీడియో పెడ్త."

"పని మంచిగ చేస్తరు ఆనంద్. రెండేండ్లల్ల ఒక్క మాట రాలే."

"నా ముఖం జిల్లా మొత్తం తిరుగుతున్నది. నాకు మంచి ముచ్చట్లు చెప్పకు."

మూడో రోజు జలపతి ఫోన్ చేశాడు.

"తీసేసిన. ఇగనన్న ఊకో."

ఆనంద్ ఊరుకోలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో తనకు తెలిసిన కంప్యూటర్ షాపులన్నిటికీ ఫోన్లు చేశాడు. జలపతి దగ్గర పని చేశామని ఎవరు వచ్చినా పెట్టుకోవద్దని చెప్పాడు. అందరూ సరేనన్నారు.

అప్పటికి గానీ అతని కడుపు చల్లబడలేదు.

కంప్యూటర్ మాత్రం బాగుపడలేదు. చిన్న ఆటలకు బాగానే నడిచేది. బరువైన ఆట పెడితే చాలు, చచ్చి ఊరుకునేది. ఒక మెకానిక్ విండోస్ మార్చాడు. ఇంకొకతను దుమ్ము దులిపాడు. మూడో అతను కొత్తది కొనుక్కోమన్నాడు.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం, బురఖా వేసుకున్న ఒకామె భుజాన బ్యాగుతో గుమ్మంలో నిలబడింది.

"అన్నా, నీ వీడియో చూసిన. మిషన్ ఇంకా గట్లనే ఉన్నదా?"

"నవ్వుతందుకు వచ్చినవా?"

"చూస్తందుకు వచ్చిన. నాకు గీ పని వస్తది. నా పేరు ఉజ్మా."

పోయేదేముందని ఆనంద్ కుర్చీ జరిపాడు.

ఆమె ముందు పెద్ద ఆట పెట్టించింది. వేడి ఎంతుందో తెర మీద చూస్తూ కూర్చుంది. వేడి మామూలుగానే ఉంది. కంప్యూటర్ ఆగిపోయింది. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి, మళ్లీ నడిపించింది. మళ్లీ ఆగిపోయింది.

ఆనంద్‌కు చూస్తున్నకొద్దీ పాత మంట రాజుకుంది.

"దీన్ని బిగించినోన్ని వదల్లేదు చెల్లె. నౌకరి తీయించిన. మూడు ఊర్లల్ల వానికి ఏడ పని దొరకకుంట చేసిన."

"పైన ఫ్యాన్ బంద్ చేయన్నా. లోపలి చప్పుడు వినవడ్తలేదు."

అతను ఫ్యాన్ ఆపాడు.

"బతిమాలుకుంట వస్తడేమో అని చూస్తున్న. ఇంకా రాలే."

ఆమె పెట్టె లోపల చెయ్యి పెట్టి ఒక తీగను పట్టుకుంది. చురుక్కుమని కాలేసరికి వెంటనే వేళ్లు వెనక్కి తీసుకుంది.

"గ్రాఫిక్స్ కార్డు కొన్నప్పటిదేనా?"

"కాదు. పోటీకని పెద్దది తెచ్చిన."

"ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. ఎట్ల పెట్టాల్నో ఫోన్ల వీడియో చూసి పెట్టిన."

ఆమె ఆ తీగ ఊడదీసి చూపించింది. ఒకే తీగకున్న రెండు కొసలు కార్డులోని రెండు చోట్లా గుచ్చి ఉన్నాయి. కొన దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మాడింది.

"గీ కార్డుకు రెండు తీగలు కావాలె. బరువు పడ్డప్పుడు అంత కరెంటు ఒక్క తీగ ఎట్ల మోస్తది? వేరే తీగలు రాలేదా దీనితోని?"

ఆనంద్ అటక మీది అట్టపెట్టె దించాడు. తీగలు కవరు కూడా విప్పకుండా అందులోనే ఉన్నాయి.

ఆమె మాడిన తీగ పక్కన పెట్టి, కొత్తవి రెండు వేరువేరుగా బిగించింది. పెద్ద ఆట గంటసేపు నడిచింది. ఆగలేదు.

"ఈ ముచ్చట ఎవరికి చెప్పకు చెల్లె."

"ఎవరికీ చెప్ప."

"ఏమియ్యాలె?"

"ఏమొద్దు. తప్పు ఎక్కడున్నదో తెలిసింది, చాలు."

"నీ నంబరన్న ఇయ్యి. గీసుంటి పని మస్తు ఉంటది."

"ఇగ గీ పని ఇడిసిపెట్టిన అన్నా. రేపటి సంది సిరిసిల్లల బట్టలు కుట్టే కాడికి పోతున్న."

ఎందుకని అతను అడిగేలోపే ఆమె బస్టాండు దారి పట్టింది.

ఆనంద్‌కు మనసు కుదుటపడలేదు. తప్పు తనదేనని జలపతికి చెప్పాలనిపించలేదు. అట్లా అని ఇంత పని తెలిసిన మనిషి కుట్టు మిషన్ పాలు కావడమూ నచ్చలేదు. ఫోన్ తీశాడు.

"జలపతన్నా, నా మిషన్ బాగైంది. నువ్వు పెట్టుకున్నోనికంటె వెయ్యి రెట్లు నయం ఒకామె వచ్చి చేసిపోయింది. ఆమెను పెట్టుకో. నీ షాపు పేరు నిలవడ్తది."

"ఎవరామె?"

"ఉజ్మా అట."



"మొన్ననే ఇంటికి పోయి పిలిచిన ఆనంద్. రాను అన్నది."

"నీకెట్ల తెలుసు ఆమె?"

"నీ మిషన్ బిగించింది ఆమెనే."