కడియం తీసిన చెయ్యి

మా ఊళ్లో ఇప్పుడు ఎవరి చెయ్యీ వణకదు. పసిపిల్లల దగ్గర్నుంచి అందరి మణికట్టుకీ నిలకడ కడియమే. అది తీస్తే మాత్రం గరిటె కూడా నిలవదు. చేతులు సొంత నిలకడ మరిచిపోయాయి.

లిస్బన్‌లో ఎయిర్ పిస్టల్ ప్రపంచ పోటీలకి కడియం నిషేధం. అందుకని నెలల తరబడి తీసేసి సాధన చేశాను. ఇంట్లో సాంబారంతా నేలపాలయ్యేది. మా ఆయన భాస్కర్రావు విసుక్కోకుండా తుడిచేవారు.

ఫైనల్లో ఆఖరి గుండు పది పాయింట్ల వలయంలో పడితేనే పతకం. చెయ్యి వణికింది. పిస్టల్ దించి ప్రేక్షకుల వైపు చూశాను. ఈయన కాఫీ కప్పుతో కూర్చున్నారు. మణికట్టు బోసిగా ఉంది, చొక్కా నిండా మరకలు.

ఈ మనిషికి బుద్ధుందా! కళ్లెర్రజేశాను. ఆయన నవ్వుతూ కప్పు పైకెత్తారు. ఇంకాస్త ఒలికింది. నాకూ నవ్వొచ్చింది. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. పేల్చాను.

కంచు పతకం మెడలో వేసుకొచ్చి, "కడియం ఎందుకు తీశారు?" అని నిలదీశాను.

"నీ చెయ్యి వణుకుతుంటే నాది నిమ్మళంగా ఉంటే ఏం బావుంటుంది?" అన్నారు.

తిరుగు విమానంలో కడియాలు పెట్టెలోనే ఉన్నాయి. ఒక్క కప్పు కాఫీని ఇద్దరం నాలుగు చేతులతో పట్టుకుని తాగాం.