తొడిమ

“నాకొద్దు తల్లీ. మా ఆయనకీ ఇట్టాగే ఏదో మిషను పెట్టారు. మళ్ళీ ఇంటికి రాలా,” అంటూ హనుమాయమ్మ మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

ప్రత్తిపాడు దగ్గర కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. కొడుకు వీరాంజనేయులు ఆటోలో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి తెచ్చాడు. ఎమర్జెన్సీలో డాక్టరు తేజశ్రీ. ఊరికి కొత్త.

“బీపీ, షుగరు బాగానే ఉన్నాయండీ. ఎండకే అయ్యుంటుంది. గుండె కూడా ఒక్కసారి స్కాన్ చేసి చూస్తే నిశ్చింత,” అంటూ ఆమె దగ్గింది. “మీ మిరప ఘాటు నాకింకా పడటం లేదు.”

“అందరికీ అంతేలెండి. మా అమ్మకీ నాలుగడుగులేస్తే ఆయాసం. ఘాటేగా అని నేనూ పట్టించుకోలా.”

“సరే, మీరు బయటుండండి. ముందు ఆవిడ భయం పోగొట్టాలి,” అని డాక్టరు నవ్వింది. నర్సు తెర లాగేసింది.

లోపల గుసగుసలు, తర్వాత హనుమాయమ్మ నవ్వు. “ఓస్, ఇంతేనా?”

“ఇంతేనమ్మా. జెల్ కాస్త చల్లగా ఉంటుంది. అదిగో గుండె, ఎలా కొట్టుకుంటోందో చూడండి.”

వీరాంజనేయులు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో లోపల మాటలు ఆగిపోయాయి.

“ఏంది తల్లీ అది, ఊగుతా ఉంది?”

డాక్టరు గొంతు బాగా తగ్గింది. “గడ్డమ్మా. తొడిమకి కాయ వేలాడినట్టు, గుండె లోపల వేలాడుతోంది.”

అతను తెర దగ్గరకొచ్చాడు. మొన్న అమ్మ చేలో కూలబడితే, పని ఎగ్గొట్టడానికి బాగా నేర్చావే అని వేళాకోళం ఆడాడు. ఆ మాట ఇప్పుడు తననే కోసేస్తోంది.

“నా తల్లే, నా తల్లే,” అని హనుమాయమ్మ ఏడుస్తోంది. పోయిన అమ్మమ్మను తలుచుకుంటోందనుకుని అతనికీ దుఃఖం ఆగలేదు.

“ఆపరేషన్ చేసి తీసేస్తే బతకొచ్చు. ఈలోగా ముక్క ఊడి మెదడుకు పోతేనే కష్టం,” అంటోంది డాక్టరు.

“మరి ఇంట్లో వాళ్ళకి చెప్పొద్దా?”

“ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా.”

“నాకు చెప్పండి మేడం, తట్టుకుంటాను,” అన్నాడు వీరాంజనేయులు బయటినుంచే. ఇక ఆగలేక తెర పక్కకు లాగాడు.

అమ్మ నిలబడి పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

స్కాన్ మిషను తన గుండెకే ఆనించుకుని మంచం మీద పడుకుని ఉన్నది తేజశ్రీ.