చెయ్యి తీస్తే

పై అరలో ఏదో దబ్బుమంది. లోపలికి జరుగుతున్న ప్యాలెట్ ఉన్నట్టుండి ఆగిపోయింది.

అల్లుడి గుండె కూడా ఆగినంత పనైంది. గోడౌన్లో అతన్నందరూ అల్లుడనే పిలుస్తారు. అతని అత్తగారు కూడా అక్కడే, అతనికంటే ముందునుంచే, ఎత్తు అరల్లోకి సరుకెత్తే రీచ్ ట్రక్ నడుపుతోంది మరి.

మెడ వెనక్కి విరిచి పైకి చూశాడు. పెయింట్ డబ్బాలు పేర్చిన, టన్ను బరువున్న చెక్క ప్యాలెట్ అది. మూడంతస్తుల ఎత్తున్న అరలో పెడుతూ పెడుతూ, ఎవరిమీదో కోపం దానిమీద చూపించి ఓ జానెడు ఎక్కువ తోసేశాడు. ఆ ర్యాకూ పక్క వరుస ర్యాకూ వీపుకు వీపు ఆనించుకుని ఉంటాయి. మధ్యలో అడ్డు కమ్మీ అంటూ లేదు. ఇటునుంచి అతిగా తోస్తే, అటు అరలో ఉన్న ప్యాలెట్ వెళ్ళి పక్క వరుసలో పడుతుంది.

ఆ పక్క వరుసలో పని చేస్తున్నది అత్తగారే.

ఇంకాస్త తోశాడా, పడుతుంది. వెనక్కి లాగుదామంటే, రెండు ప్యాలెట్ల చెక్కలూ ఒకదానికొకటి తగులుకుని, తన బండి ఫోర్కుల ఆసరాతోనే అవతలిది వేలాడుతోందేమో! దిగి పరిగెత్తుదామంటే, సీట్లోంచి లేవగానే బండి ఆగిపోతుంది. ఆ కుదుపు చాలు, అవతలిది పడడానికి. ఫోర్కుల్ని నడిపే పిడి వదిలినా అంతే. ఫోన్ చేద్దామంటే ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పట్టుకున్న పిడిలోంచి సన్నని వణుకొకటి అరచేతికి తెలుస్తోంది. అవతలిది ఊగుతోందన్నమాట.

ఎడం చేత్తో హారన్ నొక్కాడు. "అత్తయ్యా! పక్కకి తప్పుకోండి!" అని గొంతు చించుకున్నాడు. సరుకు మోసే బెల్టు మీద పెట్టెలు దొర్లే రొదలో అతని అరుపు అతనికే వినపడలేదు.

అవతలినుంచి అంతకు రెట్టింపు హారన్ వచ్చింది.

"ఖర్మ! నేను వెక్కిరిస్తున్నాననుకుంటోంది" అని తల పట్టుకోబోయి, చెయ్యి తియ్యకూడదని గుర్తొచ్చి ఆగాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో జరిగింది మామూలు గొడవా! పిల్లాడి జుట్టు ఎంత కురచగా కత్తిరించాలన్న దగ్గర మొదలై, పుట్టింటి మీదికీ అత్తింటి మీదికీ పాకి, చివరికి అల్లుడు క్యారేజీ మూత బల్లకేసి కొట్టి "మీ పీడ విరగడైతే గానీ నా కొంపకి శాంతి లేదు!" అనేశాడు. నలుగురూ విన్నారు. నలుగురేమిటి, షిఫ్టు షిఫ్టంతా ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి విన్నది. ఇప్పుడా ప్యాలెట్ ఆవిడ నెత్తిన పడితే, పొరపాటున పడిందంటే నమ్మే మనిషెవడు? పోలీసుల సంగతి సరే, పెళ్ళాం నమ్ముతుందా? పైగా ఈ బండి ఎక్కించి, పక్కనే నిలబడి, తిడుతూ తిడుతూనే పని నేర్పింది ఆవిడే.

"ఏం తమ్ముడూ, పట్టపగలే చుక్కలు లెక్కపెడుతున్నావా?"

ప్యాలెట్లకు స్టిక్కర్లు అంటించే స్టిక్కరక్క. అల్లుడికి దేవుడు కనిపించినట్టయింది.

"అక్కా! పక్క వరుసలోకి పరిగెత్తు. మా అత్తయ్యని అక్కణ్ణుంచి తప్పుకోమని చెప్పు!"

"అమ్మో, మీ ఇద్దరి మధ్యకి నేను రాను బాబూ. ఇందాక సర్దిచెప్పబోతే నన్నూ కలిపి దులిపేసిందా మహాతల్లి."

"ప్యాలెట్ పడబోతోందక్కా! ఆవిడ మీద!"

స్టిక్కరక్క కళ్ళు పెద్దవయ్యాయి. "హవ్వ! అన్నంత పనీ చేస్తున్నావా?"

"చూశావా, నువ్వే నమ్మట్లేదు! నీకు దణ్ణం పెడతానక్కా. ఈ చెయ్యి ఖాళీ లేదు, మనసులో పెడుతున్నా. వెళ్ళక్కా!"

ఆ గొంతులో ఏం వినిపించిందో, స్టిక్కరక్క చేతిలోని స్టిక్కర్ల చుట్ట అక్కడే పారేసి పరుగందుకుంది. వరుస చివరిదాకా వెళ్ళి, చుట్టు తిరిగి అటువైపు పోవాలి.

చెమట కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. ముంజేయి తిమ్మిరెక్కి తనది కానట్టయిపోయింది. పిడిలో వణుకు ఎక్కువైంది. పిల్లాడి జుట్టు ఆవిడ ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోనీ, గుండు కొట్టించినా సరే, కావాలంటే నాకూ కొట్టించనీ, మనిషి మాత్రం దక్కితే చాలు. పీడ అన్న ఈ నోరు పడిపోనూ!

స్టిక్కరక్క తిరిగొచ్చింది. పరుగున వెళ్ళిన మనిషి ఇప్పుడు కాళ్ళీడ్చుకుంటూ నడిచొస్తోంది.

"ఏమైందక్కా? బతికే ఉందా?"

"గుండ్రాయిలా ఉంది."

"మరి తప్పుకోమన్నావా?"

"అన్నాను. చచ్చినా తప్పుకోదట."

"అయ్యో, ఎందుకని? ఇంకా కోపమేనా?"

"కోపమా, పాడా! ఆవిడా అటునుంచి దీని వెనక అరలోకి ఓ ప్యాలెట్ నీకు ఎదురు తోసి, అది నీ నెత్తిన పడుతుందేమోనని పిడి వదలకుండా ఏడుస్తూ కూర్చుంది, 'ముందు మా అల్లుణ్ణి అక్కణ్ణుంచి తప్పుకోమను పో' అని నన్నిటు తరిమింది!"