హారన్ వినపడని చోటు

"మీ బండికి హారన్ లేదా తాతా?" అని చెల్లెలు అడగడంతో అక్క ఉలిక్కిపడింది. మొగుడు పోయాక చెల్లెలు తనంతట తాను ఒకరిని పలకరించడం అదే మొదలు.

"ఎందుకు లేదమ్మా? నా దగ్గే హారను!" అంటూ తోపుడుబండి తాత ఖళ్ళుఖళ్ళుమని దగ్గి చూపించాడు.

చెల్లెలు నవ్వింది. అక్క కళ్ళు చెమర్చాయి.

రేవులో దిగినవాళ్ళ సామాన్లు మోయడానికి ఆ దీవిలో తోపుడుబళ్ళే గతి. కారు లేదు, మోటారు సైకిలు లేదు. అందుకే అక్క ఏరికోరి ఇక్కడికి తీసుకొచ్చింది. ఊళ్ళో అయితే వీధిలో బండి చప్పుడైతే చాలు, చెల్లెలు చెవులు మూసుకుని మూలకు ముడుచుకుపోయేది. వాన పడుతున్న ఓ తెల్లవారుజామున పాల కోసం బయల్దేరిన ఆమె మొగుణ్ణి ఇంటి మలుపులోనే ఓ కారు గుద్దేసి ఆగకుండా పోయింది. ఎవరిదో తేలలేదు. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా చెల్లెలిది ఒకటే మాట, "నేనేం చూడలేదండీ."

సముద్రం వైపు గది దొరికింది. కిటికీ తీస్తే ఉతికి ఆరేసిన దుప్పటిలా ఇసుక, దానిమీద ఒక్క అడుగు జాడ కూడా లేదు. చెల్లెలు కడుపునిండా తింది. ఆదమరిచి నిద్రపోయింది. పొద్దున్నే ఒడ్డు వెంట చాలా దూరం నడిచి, కొంగు తడుపుకుని తిరిగొచ్చింది.

"తోడబుట్టినవాళ్ళంటే ఇలా ఉండాలి," అంది గదుల యజమానురాలు పెద్దావిడ, అన్నం వడ్డిస్తూ. "ఇంత చేసే అక్క ఎవరికుంటుందమ్మా?"

"అవునండీ," అంది చెల్లెలు కంచంలోకి చూస్తూ. "మా అక్క నాకు చేసింది ఇంకెవరూ చెయ్యలేరు."

అక్క కలిపిన ముద్దని కంచంలోనే వదిలేసింది.

ఆ కారు నడిపింది అక్కే.

ఆ వేళ వానలో చెల్లెల్ని చూద్దామనే వస్తోంది. మలుపు తిరగ్గానే ఎదురుగా గొడుగు. దబ్బుమన్న చప్పుడు. బ్రేకు తొక్కాల్సిన కాలు బిగుసుకుపోయి యాక్సిలరేటర్ తొక్కింది. గొడుగు గాల్లోకి లేవడం అద్దంలో చూసింది. ఆగితే బతికేవాడేమో! ఆగలేదు. తిన్నగా ఇంటికెళ్ళి కారు షెడ్డులో పెట్టి తలుపేసింది. చెల్లెలు ఫోన్లో గొల్లుమంటే ఆటో ఎక్కి పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత చెల్లెలికి అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, పోలీస్ స్టేషన్‌కి తోడు వెళ్ళింది. చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా ఇంకేదో మాట అనేసేది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు ఇద్దరూ ఒడ్డున నడుస్తున్నారు. ఇక్కడా చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేననుకుంది అక్క.

"చిన్నీ, నీకో మాట చెప్పాలే."

చెల్లెలు ఆగిపోయింది. "చెప్పక్కా."

అల వచ్చి కాళ్ళు తడిపి పోయింది. ఇంకోటి వచ్చింది. చెల్లెలు రెప్ప వెయ్యకుండా అక్క మొహంలోకే చూస్తోంది.

"పొద్దున్నే పడవ. బట్టలు సర్దుకో."

"అంతేనా?"

"అంతే."

చెల్లెలు ముందు నడిచింది.

మర్నాడు రేవుకి చెల్లెలు ఉత్తి చేతులతో వచ్చింది.

"నీ పెట్టేదే?"

"నేను రావట్లేదక్కా. పెద్దావిడకి వంటింట్లో మనిషి కావాలిట. ఉంటానన్నాను."

"మతిపోయిందా? ఇక్కడ నీకెవరున్నారే?"

"ఎవరూ లేరు. అందుకే."

అక్క తన పెట్టె కింద పెట్టింది. "సరే, నాలుగు రోజులు ఉండి చూడు. వచ్చే నెల నేనే వచ్చి..."

"రాకక్కా. ఇంకెప్పుడూ రాకు."

"అంత మాటంటావేమే? నేనేం చేశాననీ?"

"ఎక్కండమ్మా, ఆలస్యమైపోతోంది!" పడవవాడు కేకేశాడు.

అక్క తూలిపోకుండా చెల్లెలు చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా పడవలోకి దించింది. చెయ్యి వదిలేస్తూ నెమ్మదిగా అంది.

"ఆ వేళ డాబా మీంచి చూశానక్కా."